నవోమి అక్క గుమ్మం మీద అరచందమామ

రంగూన్‌లోని లమ్మడా పేటలో నది వైపు దిగే ఒక సందులో ఆరు ఇళ్లు ఒకే గోడగా నిలబడి ఉంటాయి. అవి ఆరని తెలియాలంటే తలుపులు లెక్కపెట్టుకోవాలి. తెల్లవాళ్ల కాలంలో టేకు దుంగలమ్మి బాగుపడిన ఒక దొరకి తన ఊరి మీద బెంగ పుట్టి, అక్కడి వీధిని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపమని మేస్త్రీకి బొమ్మ గీసి ఇచ్చాడట. మేస్త్రీ బొమ్మలో ఉన్నదల్లా కట్టేశాడు. వరసంతటికీ ఒకటే చూరు పట్టీ. మామూలు ఇటుక గోడ మీద సున్నం పూసి, రాళ్లు పేర్చినట్టు కనబడేలా గీసిన గీతలు. కింద మనిషిని మించిన కిటికీలు, వాటి మీద కాస్త పొట్టివి, అన్నిటికన్నా పైన పావురాలకి కట్టినట్టుండే బుల్లి కిటికీలు. ఇవి చాలవన్నట్టు ప్రతి ముందు గదిలోనూ చలి కాచుకోవడానికి గోడలో ఒక పొయ్యి.

బల్లులు కూడా గోడ దిగి చల్లటి నేల వెతుక్కునే ఊళ్లో ఆ పొయ్యిలు ఎన్నడైనా వెలిగాయా అని ఎవరైనా అడిగితే, ఒక్కసారి వెలిగాయనీ, ఆ వేడికి దొరగారి మీసం కొవ్వొత్తిలా కరిగి చొక్కా మీద కారిందనీ లోకనాథం చెప్పేవాడు. కిటికీలు పైకి వెళ్లేకొద్దీ చిన్నవి ఎందుకయ్యాయంటే, అక్కడికి వచ్చేసరికి దొర దగ్గర అద్దాలు అయిపోయాయట. అడిగినవాళ్లు నమ్మేవరకూ మొహం కదలనిచ్చేవాడు కాదు.

ఆ వరసలో నాలుగో ఇంటి కింది వాటా లోకనాథానిది. తాత గంజాం నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి ఆ ఇంట్లో అద్దెకి దిగాడు. లోకనాథం అక్కడే పుట్టి, అక్కడి నుంచే రోజూ రైలెక్కి ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపుకి ఫిట్టరు పనికి వెళ్లి, అక్కడే చిలకమ్మని పెళ్లాడి, రిటైరై ఆ గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు. గోడకి అవతల మూడో ఇంట్లో నవోమి. చిన్నపిల్లల బడిలో చదువు చెప్పిన మనిషి, తెలుగు బాప్టిస్టు కుటుంబం, భర్త ఆల్బర్ట్ పోయి చాలాకాలమైంది. ఆవిడ లోకనాథం కన్నా పెద్దది. అతను అక్కా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది. వాళ్ల తలుపులు దూరం. పొయ్యిలు మాత్రం ఒకే గోడకి అటొకటి ఇటొకటి, వీపుకి వీపు ఆనించి కూర్చున్న ఇద్దరు మనుషుల్లా ఉంటాయి.

ఆ వరసకి ఇంకొక సొగసు ఉండేది. ప్రతి తలుపు మీదా అర్ధచంద్రాకారంలో ఒక అద్దాల చట్రం, మధ్యలో ఎర్రద్దం, దాని చుట్టూ పొద్దు కిరణాల్లా విచ్చుకున్న తెల్లద్దాలు. తెలుగిళ్లలో దాన్ని అరచందమామ అనేవారు. తలుపు వేసుకున్నా నడవలోకి వెలుతురు రావడానికి దొర పెట్టించిన ఏర్పాటు అది.

ఇప్పుడు ఆరింటిలో నవోమి గుమ్మం మీద ఒక్కటే మిగిలింది. మిగతా ఐదింటినీ ఊడదీసినవాడు లోకనాథం.

అతను వయసులో ఉన్నప్పుడు వర్క్‌షాపులో పాత రైలు పెట్టెల నుంచి విప్పిన ఫ్యాను ఒకటి సంపాదించి, తన గుమ్మం మీది అరచందమామని రంపంతో కోసి, ఆ కన్నంలో బిగించాడు. అది తిరిగితే ఇంట్లో చేపల వాసన నిలిచేది కాదు. సందంతా వచ్చి చూసింది. మాకూ పెట్టవయ్యా అని నాలుగిళ్లవాళ్లు బతిమాలారు. నాలుగిళ్లకీ పెట్టాడు. ఆల్బర్ట్ ఒక్కడే ఒప్పుకోలేదు. “గాలి కావాలంటే తలుపు తీసుకుంటాం తమ్ముడూ, వెలుతురు ఎందుకు కోసుకోవడం?” అన్నాడు. పాతకాలపు మనిషని ఆ రోజు అందరూ నవ్వారు. లోకనాథం అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఇప్పుడు కరెంటు వచ్చిపోయే చుట్టమైంది. ఫ్యాన్లు తిరగవు. ఐదిళ్ల నడవల్లో పట్టపగలు కూడా చెప్పులు తడుముకోవాలి. నవోమి నడవలో మాత్రం పొద్దున్నే నేల మీద ఎర్రటి మరక ఒకటి పడి, మెల్లగా గోడెక్కి, మధ్యాహ్నానికి పోతుంది.

పాత ఇళ్లు చూపిస్తూ జనాన్ని వెంట తిప్పే ఆశ అనే అమ్మాయి ఒక ఆదివారం ఆ సందులోకి వచ్చింది. తెలుగుపిల్లే, కాని నోట్లో సగం బర్మీస్, సగం ఇంగ్లీషు. వెనకాల ఫోన్లు ఎత్తిపట్టుకున్న కుర్రకారు. వాళ్లు లోకనాథం గుమ్మం దాటి నేరుగా నవోమి గుమ్మం ముందు ఆగి ఫోటోలు తీసుకున్నారు.

“ఆరింటికీ ఉండాల్సినవి ఇవి,” అంది ఆశ. “ఒకేలాంటివి ఆరు వరసగా ఉంటేనే ఆ బ్యూటీ. ఎవరో బుద్ధిలేనోళ్లు ఐదు పీకేసారు. తాతా, మీరు ఇక్కడే పుట్టేరు గదా, ఎవరు పీకేరో తెలుసా?”

లోకనాథం కుర్చీలో సర్దుకున్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“పీకడమేటమ్మా. యుద్ధం నాటి సంగతి. జపానోడి విమానం ఒకటి ఈ సందులోకి దిగిపోనాది. ఎంత కిందకంటే, దాని రెక్క ఈ గుమ్మాల మీద నుంచి గీసుకుంటా పోనాది. అద్దాలన్నీ టకటకా రాలిపోనాయంట. మా తాత పరిగెత్తుకెళ్లి ఆ పైలట్‌కి మంచినీళ్లిచ్చేడు.”

జనం నోళ్లు తెరిచారు. ఒక కుర్రాడు మాత్రం నవోమి గుమ్మం వైపు చూపించి, “మరి ఆ మధ్యది ఎలా మిగిలింది?” అని అడిగాడు.

నవోమి అప్పుడే చర్చి నుంచి వచ్చి తాళం తీస్తోంది. లోకనాథం వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపుకి అతని చెవులు వేడెక్కాయి.

“వచ్చే ఆదివారం వీడియో తీస్తాను తాతా,” అంది ఆశ. “ఈ విమానం స్టోరీ మీరే చెప్పాలి. మిగిలిన అద్దం గురించి ఆ అమ్మమ్మని అడుగుతాను.”

ఆ మాటతో లోకనాథానికి నిద్ర కరువైంది. నవోమి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆవిడ నోరు విప్పితే ఆ బుద్ధిలేనివాడెవరో ఊరంతటికీ ఫోన్లలో తెలిసిపోతుంది. ఆవిడ గుమ్మం మీద ఆ అద్దం మెరుస్తున్నంతకాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అదొక్కటీ లేకపోతే ఆరు గుమ్మాలూ ఒకటే, అడిగేవాడే ఉండడు.

లోకనాథం ఇంట్లో దొర పొయ్యి అమ్మవారి గూడు. తాత ఊరి నుంచి తెచ్చిన ఇత్తడి అమ్మోరి మొహం అందులో ఉంటుంది. ఓడలో ఇంజను గది పక్కన పెట్టి తేవడం వల్ల అమ్మోరికి చెవులు మందగించాయనీ, ఏం అడిగినా గట్టిగా అడగాలనీ తాత చెప్పేవాడు. ఆ ఇంట్లో అప్పటినుంచీ అదే ఆచారం. చిలకమ్మ బజారుకి వెళ్లిన సమయం చూసుకుని లోకనాథం పొయ్యిలోకి తల పెట్టి, ఉన్న సంగతులన్నీ అమ్మోరికి అరిచి చెబుతాడు. ఆమధ్య భూకంపం వచ్చినప్పుడు పొగగొట్టంలోంచి నాలుగు ఇటుక ముక్కలు, గుప్పెడు మసి అమ్మోరి నెత్తిన పడ్డాయి. తుడిచి, కొత్త బొట్టు పెట్టాడు. అంతకు మించి దాని గురించి ఆలోచించలేదు.

“అమ్మా,” అన్నాడు సోమవారం పొద్దున్న. “నవోమక్క గుమ్మం మీద అద్దం ఉన్నాది సూడు, అది పోవాల. మనిషికి ఏటీ అవకూడదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు పడితే మరీ మంచిది. అద్దం పోతే నీకు ఎర్ర పుంజునిస్తాను. ఆవిడ మంచిదే, కాదనను. పాట ఎత్తుకుంటే కాకులు లేచిపోతాయి గాని మంచిదే.”

మంగళవారమూ అడిగాడు. బుధవారం పుంజుకి కల్లుముంత కూడా కలిపాడు.

గురువారం మధ్యాహ్నం ఆకు కదలని ఉక్కలో గోడవతల ఫెళ్లుమంది. లోకనాథం వెళ్లేసరికి నవోమి గుమ్మంలో అద్దం పెంకులు చేటలోకి ఎత్తుతోంది. అరచందమామలో సగం లేదు. నడుమ ఎర్రద్దం ఉన్నచోట ఆకాశం కనబడుతోంది.

“ఏటయిందక్కా?”

“ఏమో తమ్ముడూ. గాలికి.”

ఆవిడ తల ఎత్తలేదు. లోకనాథం సందులోకి చూశాడు. తీగ మీద ఆరేసిన లుంగీ అంచు కూడా కదలడం లేదు. గాలి కాదని తెలిసినవాడు ఈ భూమ్మీద తనొక్కడే అనుకున్నాడు. అయినా ఆ భయం అడుగున ఎక్కడో ఒక చిన్న గర్వం కూడా తల ఎత్తింది. ఇన్నేళ్లూ మనవడికి మంచి చదువు రావాలని, మోకాలి నొప్పి పోవాలని, కరెంటు ఉండాలని అడిగినా వినని అమ్మోరు దీన్ని వింది. ఆ గర్వానికి అతను ఇంకా సిగ్గుపడ్డాడు.

మొక్కు మొక్కాక తీర్చకుండా ఉండడానికి లేదు. అద్దం పోయినందుకు పుంజుని కొయ్యాలి. కోసి వండింది ఇంట్లో దాచుకోకూడదు, వరసలో ప్రతి ఇంటికీ పంచాలి. గంజాం నుంచి వచ్చిన ఆచారం అది. ఆ ప్రతి ఇంట్లో నవోమి ఇల్లు కూడా ఉంటుందన్న సంగతి మొక్కేటప్పుడు లోకనాథానికి తట్టలేదు.

“దేనికీ మొక్కు?” అంది చిలకమ్మ, పుంజు ఈకలు పీకుతూ.

“మోకాలికి.”

“తగ్గిపోనాదా?”

“తగ్గిపోనాది.”

“మరి కుంటతన్నావేటి?”

శుక్రవారం సాయంత్రం ఇంటింటికీ గిన్నెలు వెళ్లాయి. నవోమి గిన్నె మాత్రం చివరి వరకూ అరుగు మీద ఉండిపోయింది. ఆవిడ ఎలాగూ తీసుకోదని లోకనాథానికి తెలుసు. ఇన్నేళ్లలో అమ్మోరికి పెట్టింది ఏదీ ఆవిడ ముట్టలేదు. ఏమీ అనుకోకు తమ్ముడూ, మా పాస్టరుగారు ఒప్పుకోరు అని నవ్వుతూ తిప్పి పంపేది. ఆచారం ప్రకారం గుమ్మం దాకా తీసుకెళ్తే చాలు, తిరిగి వచ్చేయొచ్చు. ఆ ధైర్యంతోనే బయల్దేరాడు.

తలుపు తీసిన నవోమి గిన్నె మూత ఎత్తి చూసింది.

“పుంజా?”

“అవునక్కా.”

“దేనికి మొక్కుకున్నావు?”

“మోకాలికి.”

ఆవిడ అతని మోకాలి వైపు చూసింది. తర్వాత, ఎన్నడూ లేనిది, గిన్నె తీసుకుంది.

“ఉండు, గిన్నె కడిగిచ్చేస్తాను,” అని లోపలికి వెళ్లింది. లోకనాథం విరిగిన అరచందమామ కింద నిలబడ్డాడు. ఒక అద్దం ముక్క ఇంకా చట్రానికి వేలాడుతూ సరిగ్గా అతని నెత్తి మీదికి చూస్తోంది. పక్కకి జరగడానికి మనసొప్పలేదు. పడితే పడనీ అనుకున్నాడు. అది పడలేదు. లోపలి నుంచి ఆవిడ ఎముక కొరుకుతున్న చప్పుడు వినబడింది.

ఆదివారం ఆశ కెమెరాతో వచ్చింది. విరిగిన అద్దం చూసి గుమ్మంలోనే కూలబడినంత పని చేసింది.

“అమ్మమ్మా, పోయిన ఆదివారం కూడా ఉంది గదా ఇది.”

“పోయిందమ్మా,” అంది నవోమి.

“పోనీ మిగతా ఐదూ? నిజంగా విమానమేనా?”

లోకనాథం తన కుర్చీ చేతిని పట్టుకున్నాడు. నవోమి కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

“అతన్నే అడుగమ్మా. ఆ అద్దాలన్నిటి దగ్గరికీ వెళ్లినవాడు ఈ వరసలో అతనొక్కడే.”

అందులో అబద్ధం లేదు. ఆశకి అర్థమూ కాలేదు. లోకనాథానికి అయింది. తను ఎవరి అద్దం పగలగొట్టించాడో ఆవిడే తన పరువు మీద పైట కప్పింది. కెమెరా అతని వైపు తిరిగింది. విమానం నోటి దాకా వచ్చి ఎగరనంది. మోకాలు నొప్పిగా ఉందమ్మా, వచ్చే ఆదివారం చెప్తాను అని లోపలికి వెళ్లిపోయాడు. నడవలోని చీకట్లో చిలకమ్మ బుట్టకి కొట్టుకుని కూరగాయలన్నీ పారబోశాడు.

“మోకాలు తగ్గిపోనాదన్నావు,” అంది చిలకమ్మ చీకట్లోంచి.

మర్నాడు వాన పట్టుకుంది. విరిగిన అరచందమామలోంచి జల్లు నేరుగా నవోమి నడవలో పడుతోంది. ఆవిడ గోడ మీద తట్టి పిలిచింది.

“తమ్ముడూ, రేకు ముక్కేదైనా ఉంటే తెచ్చి ఆ కన్నానికి కొట్టిపెట్టు.”

ఐదు అరచందమామలు కోసిన చేతులతో ఆరోదాన్ని మూయడానికి లోకనాథం నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చట్రాన్ని ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో. కిరణాల్లా విచ్చుకున్న ఆ టేకు పుల్లల్లో ఒక్కదానికీ మేకు లేదు. ఒకదానిలో ఒకటి దూర్చి ఊరికే నిలబెట్టారు. కోసిన రోజు తను ఇది చూడలేదు. రంపం పళ్ల వైపే చూశాడు. మేకు కొట్టడానికి సుత్తి ఎత్తాడు గాని చెయ్యి రాలేదు. వాన నీళ్లు మొహం మీద కారుతుంటే తుడుచుకోలేదు, ఏవి వాన నీళ్లో తేలకుండా ఉండడమే మంచిదనిపించింది.

“అక్కా,” అన్నాడు నిచ్చెన మీద నుంచే. “ఆ మొక్కు మోకాలికి కాదు.”

“తెలుసు.”

“నీకేటి తెలుసు?”

“ఎర్ర పుంజు. బుధవారం నాడు కల్లుముంత కూడా అన్నావు. అది ఇచ్చినట్టు లేవు.”

నిచ్చెన ఊగింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది.

“భూకంపానికి మన పొయ్యిల మధ్య ఇటుకలు జారిపోయాయి తమ్ముడూ. నేను అక్కడే కూర్చుని బైబిలు చదువుకుంటాను. అప్పటినుంచీ నువ్వు మీ అమ్మోరికి చెప్పేవన్నీ నాకు చెప్పినట్టే వినబడుతున్నాయి. చెవిలో దూది పెట్టుకుని చూశాను. నీ గొంతుకి దూది ఆగుతుందా?”

లోకనాథానికి ఆ నెలలన్నిటిలో తను అరిచినవి ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఆవిడ చేపల పులుసు గురించి, చర్చికి వేసుకెళ్లే టోపీ గురించి.

“నా అద్దం మీద మొక్కిన కోడి కదా,” అంది నవోమి. “నేను తినకపోతే ఎవరు తింటారని తీసుకున్నాను. పాస్టరుగారికి చెప్పలేదు. అదంతా ఒప్పుకుంటాను గాని, కాకులు లేచిపోతాయన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను.”

“తప్పయిపోనాదక్కా. నోరు జారి అడిగేను. ఆవిడ నిజంగా ఇనేస్తదని నాకు తెలీదు. నీ అద్దం నా మొక్కు వల్లే పోనాది.”

నవోమి గొంతు తగ్గించి అంది.

“మీ అమ్మోరికి ఇందులో ఏమీ లేదు. నేనే పగలగొట్టాను.”

“ఏటీ?”

“సాలెగూడు కట్టింది. నిచ్చెన ఎక్కే ఓపిక లేక చీపురు కర్రతో పొడిచాను. ఆల్బర్ట్ పోయే ముందు నన్ను అడిగింది ఇదొక్కటే. చీపురు తగలనీయకు, గుడ్డతో తుడువు అన్నాడు. ఇన్నేళ్లూ మీ అందరి ముందు నా గుమ్మం చూసుకుని మురిసిపోయాను. ఏ మొహంతో చెప్పను? గాలి అన్నాను. నువ్వు కిందా మీదా పడుతుంటే చూసి కూడా ఊరుకున్నాను. నా చీపురు సంగతి ఎవరికీ తెలియకూడదని.”

లోకనాథం మెల్లగా నిచ్చెన దిగాడు. పాపం తనది కాదని తేలినందుకు తేలిక పడాల్సింది. పడలేదు. నాలుగు రోజులుగా తను ఒక పెద్ద తప్పు చేసినవాడు, అమ్మోరు మాట వినే మనిషి. ఇప్పుడు అదీ పోయింది. పక్కింటి ముసలావిడ అద్దం పగలాలని పొయ్యిలో తల పెట్టి అరిచి, ఏమీ జరగకుండానే కోడిని బలిచ్చిన మనిషి మాత్రం మిగిలాడు. ఆ మనిషిని ఆవిడ గోడవతల కూర్చుని మొదటినుంచీ వింటూనే ఉంది. తడిసిన చొక్కాతో నడవలో నిలబడ్డాడు. ఎక్కడ చూడాలో తెలియక నేల వైపు చూశాడు. రోజూ ఎర్రటి మరక పడే చోట వాననీళ్లు మడుగు కట్టాయి.

“ఆదివారం ఆ పిల్ల మళ్లీ వస్తుంది,” అంది నవోమి. “నీ విమానాన్ని నువ్వే దింపు. నా చీపురు సంగతి నేను చెప్పుకుంటాను. పక్కపక్కనే నిలబడదాం.”

“జనం నవ్వుతారక్కా.”

“ఆ రోజు ఆల్బర్ట్‌ని చూసి నవ్వలేదా?”

లోకనాథం మళ్లీ నిచ్చెన ఎక్కి, రేకుని మేకు లేకుండా తాడుతో కట్టాడు.

మర్నాడు చిలకమ్మ బజారుకి వెళ్లింది. లోకనాథం అమ్మోరి ముందు కూర్చుని, పొయ్యిలోకి తల పెట్టి, మళ్లీ బయటికి తీసేశాడు. మెల్లగా చెబితే అమ్మోరికి వినబడదు, గట్టిగా చెబితే ఇద్దరికీ వినబడుతుంది. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. గోడవతల కుర్చీ కిర్రుమంది. కాగితం తిరగేసిన చప్పుడైంది. ఆవిడ ఉంది.

మొహమంతా మండిపోతుండగా అతను తల లోపలికి పెట్టాడు.

“అమ్మా, నవోమక్క గుమ్మానికి అద్దం దొరికేటట్టు సూడు. నా చేత్తో నేనే బిగిస్తాను. నా గుమ్మం మీద ఫ్యాను కూడా తీసేస్తాను. పుంజులూ అవీ ఏటీ మొక్కను.”

పొగగొట్టంలోంచి మసి వాసనతో కలిసి నవోమి గొంతు దిగింది.

“రంగు కూడా చెప్పు తమ్ముడూ. మధ్యది ఎర్రది. చెప్పకపోతే ఆవిడ పచ్చది తెచ్చేయగలదు.”

లోకనాథం కళ్లు మూసుకుని, ఓడ ఇంజను పక్కన కూర్చుని వచ్చిన తల్లికి వినబడేంత గట్టిగా, ఎర్రది అని అరిచాడు.